కోటగోడలను కూల్చిన యేతము – దాని నమూనా నిర్మాణము

గడచిన సంవత్సరము మన పాఠశాలలో చేతిపనుల తరగతి పిల్లలు సెలవు దినములలో నొక కొయ్య నమూనాను నిర్మించిరి. పూర్వకాలమున కోటలను ముట్టడించు సేనలు పెద్ద రాళ్లను విసరుటకై యుపయోగించిన యంత్రమునకు అది ప్రతిరూపము. కోసి సిద్ధపరచిన కొయ్యముక్కలు, త్రాళ్లు, ఇరుసులు, చేయవలసిన క్రమమును తెలుపు పటములు ఒక పెట్టెలో నుంచి, నమూనా కిట్టులను పేరుతో బజారులలో నమ్ముచున్నారు. అట్టి కిట్టులలో నిది యొకటి.

వార్షికోత్సవ దినమున దానిని ప్రదర్శనశాలలో నుంచితిమి. ఒక విద్యార్థి తండ్రి దాని చుట్టును తిరిగి చూచి, "అయ్యా, పని చక్కగానే యున్నది. కాని మనుష్యులను చంపెడి యంత్రమును మా పిల్లవానిచేత చేయించుట యెందులకండీ? బండియో, నాగలియో చేయించరాదా?" అని యడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనది. ఆ సమయమున నాకు తగిన సమాధానము తోచలేదు. ఈ వ్యాసము నేను ఆలస్యముగా చెప్పుచున్న సమాధానము. అయితే ముందుగా ఆ యంత్రమెట్టిదో, దాని నమూనా నెట్లు నిర్మింపవలెనో వివరింపవలసి యున్నది. చేసిన పనిని గూర్చి తెలియనిదే ఆ పని మంచిదో చెడ్డదో నిర్ణయించుట సాధ్యము కాదు గదా.

యంత్ర స్వరూపము

మన పెద్దలు ఏతములతో నీరు తోడి పొలములను తడిపెడివారు. ఏతమనగా నిట్రాటిపై అడ్డముగా నిలిపిన పొడవైన దూలము. దాని యొక కొనకు బాన వ్రేలాడుచుండును. రెండవ కొనకు బరువు కట్టుదురు, లేక మనిషియే దూలముపై అటునిటు నడచును. బరువు క్రిందికి దిగగానే నీటితో నిండిన బాన పైకి వచ్చును. ఇక జొన్నచేలలో మంచెపై నిలిచి పిట్టలను తోలు కాపరి చేతిలోని వడిసెలను చూడుడు. రెండు త్రాళ్ల నడుమ చిన్న యల్లిక, అందులో రాయి. కాపరి దానిని తలచుట్టును త్రిప్పి, తగిన క్షణమున ఒక త్రాటిని విడుచును. రాయి రివ్వున పోవును.

ఏతపు పొడవైన కొనకు బానకు బదులుగా వడిసెలను కట్టినచో మనము చెప్పుకొనుచున్న యంత్ర మేర్పడును. ఐరోపావారు దీనిని ట్రెబుషే యనియు, అరబ్బులును పారసీకులును మంజనీకు అనియు పిలిచిరి. దూలపు పొట్టి కొనకు మట్టితోనో, రాళ్లతోనో, సీసముతోనో నింపిన గొప్ప పెట్టె వ్రేలాడును. పొడవు కొనను త్రాళ్లతో క్రిందికి లాగి, కదలకుండ గొళ్లెముతో బిగింతురు. వడిసెల దూలము క్రింద, నేలపై నమర్చిన తొట్టివంటి దారిలో పరుండి యుండును. గొళ్లెమును విడిపింపగానే పెట్టె క్రిందికి పడును. పొడవు కొన పొట్టి కొనకంటె నాలుగైదు రెట్లు పొడవైనదగుటచే నాలుగైదు రెట్ల వేగముతో పైకి లేచును. వడిసెల యంతకంటె వేగముగా తిరుగును. వడిసెల త్రాళ్లలో నొకటి దూలమునకు గట్టిగా కట్టబడి యుండును. రెండవది దూలపు కొననున్న ఇనుప కొంకికి ఉంగరముతో తగిలింపబడి యుండును. వడిసెల పైకి వచ్చినప్పుడు ఉంగరము కొంకినుండి జారిపోవును. కాపరి చేతి వ్రేళ్లు చేయు పనిని ఇచ్చట కొంకి చేయుచున్నది.

పూర్వ చరిత్ర

క్రీస్తునకు పూర్వమే చీనా దేశమున దీని తొలిరూపము కలదు. అప్పుడు బరువు పెట్టె లేదు. పొట్టి కొనకు కట్టిన త్రాళ్లను అనేకులు ఒక్కమారుగా లాగుచుండిరి. క్రీస్తు శకము 6వ శతాబ్ది చివరకు ఈ విద్య మధ్యధరా సముద్రపు తూర్పు తీరములకు వ్యాపించెను. 12వ శతాబ్దిలో మనుష్యులకు బదులుగా బరువు పెట్టె ప్రవేశించెను. సలాదీను సుల్తాను కొరకు 1187 ప్రాంతమున తర్సూసీ యను విద్వాంసుడు వ్రాసిన ఆయుధ గ్రంథమున ఇట్టి యంత్ర వర్ణనము కలదు. 1191లో అక్కా పట్టణమును ముట్టడించిన ఫ్రాన్సు రాజు ఫిలిప్పు తన యంత్రమునకు "చెడ్డ పొరుగువాడు" అని పేరు పెట్టెను. చీనాలో అయిదేండ్లకు పైగా ముట్టడికి లొంగక నిలిచిన షియాంగ్‌యాంగ్ నగరము, పశ్చిమాసియా నుండి రప్పింపబడిన శిల్పులు బరువు పెట్టె యంత్రములను నిర్మించిన పిమ్మట, 1273లో కుబ్లాయి ఖానునకు వశమయ్యెను.

మన తెలుగుదేశమునకును ఈ యంత్రముతో పరిచయము కలదు. 1310లో ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీను ఖిల్జీ సేనాని మాలిక్ కాఫరు ఓరుగల్లును ముట్టడించెను. ఆ దండయాత్రను వర్ణించిన అమీర్ ఖుస్రో తన ఖజాయినుల్ ఫుతూహ్ అను గ్రంథమున రాళ్లు రువ్వు యంత్రములను పేర్కొనెను. వెలుపలి మట్టికోట పోయిన పిమ్మట లోపలి రాతికోటలో నుండి ప్రతాపరుద్ర చక్రవర్తి సంధికి సమ్మతించి కప్ప మిచ్చెను. మట్టికోట కట్టలును రాతికోట గోడలును నేటికిని ఓరుగల్లులో నిలిచి యున్నవి. అచ్చటికి పోవు విద్యార్థులు గోడల మందమును చూచునపుడు, అంత మందము ఎందులకు కావలసి వచ్చెనో యోచింపవలెను.

ఫిరంగులు బలపడిన కొలది, 15వ శతాబ్దిలో ఈ యంత్రములు మూలబడెను.

ప్రమాణమును గూర్చి

నమూనాకు ప్రాణము ప్రమాణము. పెట్టెపై 1/30 అని వ్రాసి యున్నచో, అసలు వస్తువులో 30 అడుగుల పొడవు నమూనాలో ఒక అడుగగునని యర్థము. ఇంగ్లండులోని వార్విక్ కోటయందు 2005లో నిర్మించిన ట్రెబుషే సుమారు 18 మీటర్ల యెత్తు, 22 టన్నుల బరువు గలది. 1/30 ప్రమాణమున దాని యెత్తు 60 సెంటీమీటర్లగును. బరువెంత యగును? 22 టన్నులను 30తో భాగింపరాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును 30వ వంతునకు తగ్గును గనుక బరువు 30 ఇంటు 30 ఇంటు 30, అనగా 27,000వ వంతునకు తగ్గును. 22,000 కిలోగ్రాములను 27,000తో భాగించినచో సుమారు 815 గ్రాములు వచ్చును. మా తరగతిలో ఈ లెక్కను నల్లబల్లపై చేసినప్పుడు పలువురు నమ్మలేదు. ఒక ఘనపు టంగుళపు కొయ్యదిమ్మలను 27 చేర్చి, ప్రక్కకు 3 అంగుళములు గల దిమ్మగా పేర్చి చూపిన పిమ్మట నమ్మిరి.

ఉన్నత పాఠశాలల విద్యార్థులు ప్రమాణముతో చేసిన నమూనాలు దేశకార్యమునకు పనికివచ్చిన సందర్భము కూడ కలదు. 1942లో అమెరికా నౌకాదళమువారు విమానములను దూరమునుండి గుర్తుపట్టుట నేర్పుటకై, 5,00,000 విమాన నమూనాలను కొయ్యతో చెక్కి యిండని యా దేశపు పాఠశాలలను కోరిరి. వాని ప్రమాణము 1/72. అట్టి నమూనాను 35 అడుగుల దూరమున పట్టుకొన్నచో, 35 ఇంటు 72, అనగా 2,520 అడుగుల దూరమున, సుమారు అరమైలున, ఎగురు నిజమైన విమానమెంత కనబడునో అంతయే కనబడును. స్వపక్షపు విమానమును శత్రువుదని పొరబడి కాల్చుట కూడ యుద్ధములో జరుగును. కావున నమూనాలో రెక్క కొంచెము వంకరయైనను అది చిన్న తప్పు కాదు. ప్రమాణ మనగా సత్యమునకు కట్టుబడి యుండుటయే.

నిర్మాణ క్రమము

మొదట పెట్టెలోని ముక్కల నన్నిటిని బల్లపై పరచి, పటముతో సరిపోల్చి, లెక్క చూచుకొనవలెను. తొందరపడి జిగురు పూసినవాడు పిమ్మట చింతించును. ప్రతి ముక్క యంచును ఉప్పుకాగితముతో మెల్లగా రుద్ది నునుపు చేయవలెను. రుద్దుట యెక్కువైనచో కొయ్య బెజ్జములో వదులగును.

రెండవది పీఠము. రెండు పొడవు దూలములు, వానిని కలుపు అడ్డుకొయ్యలు. జిగురు పూయకముందు అన్నిటిని పొడిగా కూర్చి, మూలమట్టముతో నాలుగు మూలలు సరిగా నున్నవో లేవో చూడవలెను. ఒక మూల నుండి యెదుటి మూలకు దారముతో కొలిచి, రెండు కొలతలును సమముగా నున్నచో చట్రము సరియైనదని గ్రహింపవలెను. జిగురు పూసిన పిమ్మట దారముతో చుట్టి బిగించి, ఒక రాత్రియంతయు కదల్పకుండ నుంచవలెను.

మూడవది నిట్రాళ్లు. పీఠమునకు రెండు వైపుల రెండు నిట్రాళ్లు, వానికి ఏటవాలు ఊతలు. రెండు నిట్రాళ్ల మీది బెజ్జములు సరిగా నెదురెదురుగా నుండవలెను. అట్లు లేనిచో ఇరుసు వంకరగా కూర్చుండి దూలము ప్రక్కకు ఒరయును. మాకీ తప్పు జరిగినది. రెండు దినముల పనిని విప్పి మరల చేయవలసి వచ్చెను. అయినను ఆ విప్పుటయందే పిల్లలు ఎక్కువ నేర్చుకొనిరి.

నాలుగవది దూలము. దీనిలో ఇరుసునకు ఒక వైపు పొట్టి భాగము, రెండవ వైపు దానికి నాలుగు మొదలు ఆరు రెట్ల పొడవు గల భాగము ఉండవలెను. కొయ్య యీనెలు దూలము పొడవునా సాగుచున్న ముక్కనే యెన్నుకొనవలెను. ఈనె లడ్డముగా నున్న దూలము మొదటి విసరుననే విరుగును.

అయిదవది బరువు పెట్టె. దీనిని దూలమునకు కదలకుండ బిగింపక, చిన్న ఇరుసుపై వ్రేలాడదీయవలెను. వ్రేలాడు పెట్టె ఇంచుమించు నిలువుగా క్రిందికి పడును. బిగించిన పెట్టె వలయముగా తిరుగును. నిలువుగా పడిన బరువే తన శక్తిని చక్కగా నిచ్చును. బరువునకు ఇసుకనో, ఇనుప మరలనో వాడుడు. సీసము విషపదార్థము గనుక పిల్లలు దానిని ముట్టరాదు.

ఆరవది వడిసెల. దాని పొడవు ఇంచుమించు దూలపు పొడవు భాగమంత యుండవచ్చును. రెండు త్రాళ్లును సమముగా నుండవలెను. గుండ్లను బంకమట్టితో చేసి యెండబెట్టుడు.

ప్రయోగము చేయు దినమున యంత్రము ముందుగాని వెనుకగాని యెవరును నిలువరాదు. గొళ్లెమును పొడవైన దారముతో ప్రక్కనుండి లాగవలెను. వెనుక కూడ నిలువరాదని యెందులకు చెప్పుచున్నానో వినుడు.

తప్పులు నేర్పిన పాఠము

మా మొదటి గుండు ముందునకు పోలేదు. వెనుకకు వచ్చి, నా భుజమునకు జానెడు దూరమున గోడను తాకి పగిలెను. పిల్లలు భయపడిరి, పిమ్మట నవ్విరి. కారణము కొంకి. అది తిన్నగా నున్నందున ఉంగరము త్వరగా జారెను. వడిసెల యింకను వెనుక వైపున నుండగనే గుండు విడివడెను. కొంకిని కొంచెము వంచగా గుండు నిలువుగా పైకి పోయెను. ఇంకను వంచగా ముందునకు పోయెను. మరియు నెక్కువగా వంచినప్పుడు ఆలస్యముగా విడివడి యెదుటి నేలనే కొట్టెను.

పెద్దలును ఈ తప్పు చేసిరి. 1521లో మెక్సికో నగరమును ముట్టడించిన స్పెయిను సేనాని కోర్తేసు తుపాకిమందు చాలక యిట్టి యంత్రమును కట్టించెను. రాయి నగరముపైకి పోక నిలువుగా పైకెగసి యంత్రమున్న చోటనే పడెనని ఆ సేనలోని బెర్నాల్ డియాజు వ్రాసి యున్నాడు. ఆ యంత్రమును ఊడదీయించిరి. ఒక అంగుళపు కొంకిని సరిగా వంచ నేర్చిన మన పిల్లలు ఆ విషయమున కోర్తేసు వడ్రంగులకంటె మేలనవచ్చును.

పిమ్మట లెక్క చూచితిమి. మా పెట్టెలోని బరువు 500 గ్రాములు. అది పడు యెత్తు 15 సెంటీమీటర్లు. గుండు బరువు 10 గ్రాములు. గుండుకంటె పెట్టె 50 రెట్లు బరువు గనుక, శక్తి యేమియు వ్యర్థము కానిచో గుండు 15 సెంటీమీటర్లకు 50 రెట్లు, అనగా 7½ మీటర్ల యెత్తు నిలువుగా లేవవలెను. అదే వేగముతో ఏటవాలుగా, సగము లంబకోణమున విసరినచో, దానికి రెట్టింపు, 15 మీటర్ల దూరము పోవలెను. మాకు వచ్చిన యుత్తమ ఫలితము 7 మీటర్లు. తక్కిన శక్తి యేమయ్యెను? ఇరుసు ఒరపిడిలో కొంత, దూలమును కదల్చుటలో కొంత, విసరిన పిమ్మటను ఊగుచున్న పెట్టెలో కొంత పోయినది. ఇరుసునకు మైనము రాయగా అరమీటరు పెరిగెను. ప్రతి ప్రయోగమును పుస్తకమున వ్రాసి, ఒక్కొక్క మారు ఒక్క వస్తువును మాత్రమే మార్చవలెనని పిల్లలు తమంతట తామే నియమము చేసికొనిరి. ప్రకృతి శాస్త్రమున కిదియే మొదటి మెట్టు.

నమూనా చెప్పని సంగతులు

నమూనా అన్నియు చెప్పదు. మా దూలము వ్రేలంత మందము గలదై ఎన్ని విసరులకైనను చెక్కు చెదరలేదు. దానినే 30 రెట్లు పెంచి కట్టినచో అట్లే నిలుచునా? నిలువకపోవచ్చును. పెంచినప్పుడు దూలపు కోత వైశాల్యము 900 రెట్లు, బరువు 27,000 రెట్లు పెరుగును. కొయ్య బలము వైశాల్యమును బట్టి యుండును గనుక, పెద్ద దూలము తన బరువును పోల్చి చూడగా 30 రెట్లు బలహీనమగును. ఈ సత్యమును గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. ఏనుగు కాళ్లు చీమ కాళ్లవలె సన్నముగా నుండకపోవుటకు కారణమిదియే. కావున చిన్నది నిలిచినంత మాత్రమున పెద్దదియు నిలుచునని నమ్మరాదు.

నమూనా చెప్పని సంగతి మరియొకటి కలదు. అది గోడకు ఆవలి వైపు.

1304లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు స్కాట్లండులోని స్టెర్లింగు కోటను ముట్టడించెను. యంత్రముల బరువు పెట్టెల కొరకు చుట్టుపట్ల దేవాలయముల పైకప్పులనుండి సీసమును ఒలిపించెను. "యుద్ధపు తోడేలు" అను పేరు గల గొప్ప యంత్రమును వడ్రంగులచేత చేయించెను. అది సిద్ధమగు నాటికి కోటలోనివారు ఆకలిచే అలసి లొంగిపోవుదుమనిరి. రాజు సమ్మతింపలేదు. తన యంత్రము కోటను కొట్టువరకు ఎవరును వెలుపలికి రాగూడదని శాసించెను. రాణియు రాచకాంతలును చూచుటకై పట్టణములో నొక గవాక్షమును కట్టించి యుండెను. యుద్ధము ముగిసెను, అయినను రాళ్లు పడెను. కొత్త యంత్రమును ప్రయోగించి చూడవలెనను కోరిక తప్ప దానికి వేరు కారణము లేదు.

ఈ కథను నేను పిల్లలకు మొదట చెప్పలేదు. నమూనా పూర్తియైన దినమున వారు ఇటుకపొడితో చిన్న గోడను కట్టి గురిగా నుంచిరి. ఒక చిన్నవాడు వేడుకకై గోడ వెనుక నాలుగు మట్టిబొమ్మలను నిలిపెను. పెట్టె నింపిరి, గొళ్లెము బిగించిరి, అందరును ప్రక్కకు తొలగిరి. అప్పుడు దారము పట్టుకొనవలసిన పిల్లవాడు "ఆగండిరా" అని చెప్పి, తాను పోయి, ఆ నాలుగు బొమ్మలను తీసి చొక్కా జేబులో వేసికొని తిరిగి వచ్చెను. ఎవరును నవ్వలేదు. పిమ్మట దారము లాగెను. గోడ కూలెను. ఆ సాయంకాలమే వారికి స్టెర్లింగు కథ చెప్పితిని. వివరింపవలసిన పని లేకపోయెను.

ప్రశ్నకు సమాధానము

ఆ తండ్రిగారికి నేనిప్పుడిట్లు మనవి చేయుదును. అయ్యా, ఆయుధమును దూరమునుండి చూచినవానికి అది యద్భుతముగానే తోచును. దానిని ముక్క ముక్కగా కూర్చినవానికి అది కొయ్య, త్రాడు, బరువు, లెక్క. అందులో మాయ లేదు. ఏ మేధ దానిని కట్టినదో ఆ మేధయే దానిని వలదనగలదు. మీ పిల్లవాడు జ్యామితిని చేతితో నేర్చుకొనెను. తన తప్పును తానే విప్పి సరిచేసికొనెను. యంత్రమునకు ఎదుట నెవరున్నారో చూచిన పిదపనే దారము లాగవలెనని గ్రహించెను. ఆ బొమ్మలను జేబులో వేసికొన్నవాడు తమ కుమారుడే.

తమ మాటను కూడ మేము మరువలేదు. వేసవి సెలవులకు ముందు పిల్లలు నమూనా నుండి వడిసెలను విప్పి, కొంకిని తీసివేసి, ఆ కొనకు చిన్న రేకు బొక్కెనను కట్టిరి. అదే పీఠము, అవే నిట్రాళ్లు, అదే దూలము. బరువును మాత్రము తగ్గింపవలసి వచ్చెను. ఇప్పుడది పాఠశాల తోటలోని నీళ్లతొట్టి ప్రక్కన నున్నది. ఒక్కొక్క మారు అరగ్లాసెడు నీరు తోడును. వచ్చు సంవత్సరము తాము దయచేసినప్పుడు చూడవచ్చును.